ఆ పెదవి చీలింది గ్రహణం వల్ల కాదు

పై పెదవి చీలి పుట్టిన పిల్లల్ని మీరూ చూసే ఉంటారు. 'గ్రహణం మొర్రి' అంటాం. డాక్టర్లు పెదవి చీలిక, అంగిలి చీలిక అని రాసుకుంటారు గానీ ఆ మాటలు ఆస్పత్రి గుమ్మం దాటి బయటికి రావు. ఇంట్లోనూ, వీధిలోనూ, పెళ్ళిచూపుల్లోనూ నడిచేది గ్రహణం మొర్రే. పేరు పెట్టడంలోనే కారణం కూడా చెప్పేశారు పెద్దలు. కారణం తెలిసిపోయాక ఇక దోషిని పట్టుకోవడమే మిగిలింది. గ్రహణం వేళ కడుపుతో ఉండి గడప దాటిందెవరు? కత్తిపీట ముందు కూర్చున్నదెవరు? వక్క కొరికిందెవరు? ఇంకెవరు, తల్లే!

మేముండేది సంగారెడ్డిలో. మా వారి ఉద్యోగం పటాన్‌చెరు వైపు. ఈ దారి పొడుగునా, రుద్రారం, ఇస్నాపూర్, పాశమైలారం, ముత్తంగి, అటు బొల్లారం దాకా, ఫ్యాక్టరీలే. కెమిస్ట్రీ చదివిన కుర్రాళ్ళు, ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన కూలీలు, షిఫ్టు బస్సుల్లో వెళ్ళే అమ్మాయిలు... అంతా కొత్త లోకం అనిపిస్తుంది. అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972 నుంచీ పటాన్‌చెరులోనే ఉంది. సంగారెడ్డికి 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. ఇన్ని ఉన్నా గ్రహణం రోజున మాత్రం మా వీధికీ, మా అమ్మమ్మ కాలం నాటి వీధికీ పెద్ద తేడా కనిపించదు.

2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం పట్టింది గదా! పట్టు రాత్రి పది కావస్తుండగా, విడుపు ఒంటిగంటన్నర దగ్గర. మా పక్క పోర్షన్‌లో ఏడో నెల గర్భిణి. సాయంత్రం నుంచే ఆ అమ్మాయికి మంచినీళ్ళు కూడా బంద్. "ఎల్లెలుకల పండుకో బిడ్డా, కాళ్ళు ముడువకు, కదలకు" అని వాళ్ళ అత్తమ్మ తలుపు దగ్గర కాపలా. ప్రేమతోనే లెండి, ఆవిడ కూడా తినకుండా కూర్చుంది. కానీ ఏడో నెలలో గంటల తరబడి వెల్లకిలా పడుకుంటే బరువెక్కిన గర్భసంచి వెనకాల ఉన్న పెద్ద రక్తనాళం మీద పడి, గుండెకు తిరిగి వెళ్ళే రక్తం తగ్గుతుంది. కళ్ళు తిరుగుతాయి. పక్కకు తిరిగి, వీలైతే ఎడమవైపుకు, పడుకోమని డాక్టర్లు చెప్పేది అందుకే. నీళ్ళు తాగకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బిడ్డకు మేలు చేస్తున్నామనుకుంటూ కీడు చేసే పద్ధతి ఇది.

వెతికితే గ్రహణం దొరకని గర్భం లేదు

కొంచెం లెక్క చూద్దాం. భూమ్మీద ఎక్కడో ఒకచోట సూర్యగ్రహణం పట్టే కాలం దాదాపు 173 రోజులకోసారి వస్తుంది. గర్భం మోసేది 280 రోజులు. అంటే ఏ గర్భిణి తీసుకున్నా తొమ్మిది నెలల్లో కనీసం ఒక్క గ్రహణమైనా వచ్చి తీరుతుంది! ఎక్కువమందికి రెండు మూడు కూడా తగుల్తాయి. బిడ్డ నిక్షేపంగా పుడితే ఆ గ్రహణాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. పెదవి చీలి పుడితే మాత్రం పంచాంగం తీస్తారు. వెతికితే దొరక్క ఏం చేస్తుంది?

1980 ఫిబ్రవరి 16న మన ప్రాంతం మీదుగానే సంపూర్ణ సూర్యగ్రహణం వెళ్ళింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ళ జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ సరిగ్గా ఆ దారిలోనే ఉంది. పట్టపగలు చీకటి పడిందని మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆ రోజు తెలుగుదేశంలో కడుపుతో ఉన్న ఆడవాళ్ళు ఎన్ని లక్షలమందో! వాళ్ళలో పొలంలో కలుపు తీస్తున్నవాళ్ళూ, కూర తరుగుతున్నవాళ్ళూ, ఆస్పత్రిలో నొప్పులు పడుతున్నవాళ్ళూ ఉండే ఉంటారు. గ్రహణానికి ఆ శక్తే ఉంటే ఆ ఏడాది పుట్టిన పిల్లల్లో సగంమందికి మొర్రి ఉండాలి.

మరి అసలు ఎంతమందికి వస్తుంది? మన రాష్ట్రం లెక్కే ఉంది. హైదరాబాద్‌లో ఈ ఆపరేషన్లు చేసే డాక్టర్ గోస్లా శ్రీనివాసరెడ్డి బృందం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన పిల్లల వివరాలు తీసి 2010లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ప్లాస్టిక్ సర్జరీలో ప్రచురించింది. వెయ్యి మంది పుడితే 1.09 మందికి. సుమారు వెయ్యికి ఒకరన్న మాట. వాళ్ళలో సగం కంటే ఎక్కువమందికి పెదవితో పాటు అంగిలి కూడా చీలి ఉంది. ప్రపంచం మొత్తం మీద చూస్తే 700 మందికి ఒకరని లెక్క. గ్రహణాన్ని పట్టించుకునే దేశాల్లోనూ, పట్టించుకోని దేశాల్లోనూ వస్తూనే ఉంది.

ఇంకో తమాషా వినండి. మెక్సికోలో కూడా ఇదే నమ్మకం ఉంది. గ్రహణం వేళ చంద్రుణ్ణి ఏదో కొరుకుతుందనీ, ఆ కొరుకుడే కడుపులో బిడ్డ పెదవికి తగుల్తుందనీ. దానికి విరుగుడుగా అక్కడి గర్భిణులు ఒకప్పుడు నల్లరాతి కత్తిని పొట్ట దగ్గర కట్టుకునేవారు. తర్వాత తాళంచెవి, పిన్నీసు పెట్టుకోవడం వచ్చింది. అక్కడ కత్తి దగ్గరుంటే రక్ష, ఇక్కడ కత్తి ముట్టుకుంటే శిక్ష! రెండు దేశాల ఆడవాళ్ళూ ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే బాగుండేదనిపిస్తుంది నాకు.

ముఖం కుట్టుకునే రోజులు

అసలు పెదవి ఎందుకు చీలుతుంది? నిజానికి 'చీలడం' అన్న మాటే తప్పు. చీలలేదు, కలవలేదు.

కడుపులో బిడ్డ ముఖం ఒక్క ముక్కగా తయారవదు. జాకెట్టు కుట్టేటప్పుడు ముక్కలు ముక్కలుగా కత్తిరించి కలుపుతామే, అలాగ. నుదుటి వైపు నుంచి ఒక ముక్క కిందికి దిగుతుంది, రెండు చెంపల వైపు నుంచి రెండు, కింది దవడ వైపు నుంచి రెండు. మొత్తం అయిదు. చెంపల వైపు నుంచి వచ్చినవి ముక్కు కిందికి దిగిన దాంతో రెండు పక్కలా అతుక్కుంటేనే పై పెదవి. మీ ముక్కు కింద, పెదవి మీద వేలు పెట్టి చూసుకోండి. నిలువుగా చిన్న గాడి, దానికి అటూ ఇటూ రెండు గట్లు తగుల్తాయి. కుట్టు పడిన చోటు అదే. మనందరి ముఖాన ఆ గుర్తు ఉంది! ఒక పక్క కుట్టు పడకపోతే ఒక వైపు మొర్రి, రెండు పక్కలా పడకపోతే రెండు వైపులా.

అంగిలి సంగతి ఇంకా చిత్రం. అది రెండు రేకులుగా మొదలవుతుంది. మొదట్లో అవి నాలుకకు రెండు పక్కలా నిలువుగా వేలాడుతుంటాయి, తెరిచిన తలుపుల్లాగా. నాలుక కిందికి జారగానే రెండూ పైకి లేచి అడ్డంగా వాలి మధ్యలో అతుక్కుంటాయి. నాలుక సమయానికి దిగకపోయినా, రేకులు చిన్నవైపోయినా ఆ తలుపు మూసుకోదు. నోటికీ ముక్కుకీ మధ్య కప్పు లేకుండా బిడ్డ పుడుతుంది.

ఇదంతా ఎప్పుడు జరుగుతుంది? ఇదే నేను ప్రతి అత్తమ్మకూ, ప్రతి వదినకూ చెప్పాలనుకునే మాట. పెదవి అతుకు రెండో నెల దాటకుండానే పూర్తవుతుంది. అంగిలి మూడో నెలకల్లా. నెల తప్పిందా, లేక ఊరికే ఆలస్యమైందా అని ఆడపిల్ల వేళ్ళు లెక్కబెట్టుకునే రోజుల్లోనే ముఖం తయారీ మొదలైపోతుంది. పుట్టింటికి కబురు వెళ్ళేసరికి పెదవి పని అయిపోతుంది కూడా. అయిదో నెలలోనో ఏడో నెలలోనో పట్టిన గ్రహణం, అప్పటికే అతుక్కున్న పెదవిని విడదీయలేదు. విడిపోయిన పెదవిని కలపనూ లేదు.

టేపు కోసిన చేతులు

మా ఇంటి వెనక సందులో ఒక అమ్మాయి ఉంది. పేరు అక్కర్లేదు. ఇస్నాపూర్ దగ్గర ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో చేసేది. 2020 జూన్‌లో బిడ్డ పుట్టింది. లాక్‌డౌన్ రోజులు. ఒక వైపు పెదవి, అంగిలి రెండూ కలవలేదు. కాన్పు చేసిన చోట బిడ్డను గుడ్డలో చుట్టి ఇచ్చేటప్పుడు "పాలు పట్టకండి, ముక్కులోంచి పోతాయి" అన్నారట. మరేం పట్టాలో చెప్పలేదు!

ఇంటికొచ్చాక వాళ్ళ అత్తమ్మ మెల్లిగానే అడిగింది. "గ్రహణంనాడు ఏమన్న కోసినవా బిడ్డా? నిజం చెప్పు."

ముందు ఏడాది డిసెంబరు 26న పొద్దున సూర్యగ్రహణం. ఈ అమ్మాయి ఆ రోజు షిఫ్టులో ఉంది. "కూరగాయలు కొయ్యలే అత్తమ్మా. కంపెనీల పెట్టెలకు టేపు కోసిన" అని చెప్పి వలవలా ఏడ్చింది. ఎవరూ తీర్పు చెప్పకముందే తనకు తనే శిక్ష వేసుకుంది. నెలలు తిరిగినా ఆ చేతుల వంకే చూసుకునేది. పాలు పొంగు తగ్గిపోయాయి. బిడ్డ ఎముకల గూడైంది.

నేను వెళ్ళి కూర్చుని వేళ్ళ మీద లెక్క చెప్పాను. జూన్ మొదట్లో కాన్పు అయితే డిసెంబరు 26 నాటికి నాలుగో నెల నడుస్తోంది. పెదవి తయారైంది అక్టోబరులో. అక్టోబరులో గ్రహణమే లేదు! అత్తమ్మ కూడా వింది. రెండుసార్లు లెక్క మళ్ళీ చెప్పించుకుంది. ఒప్పుకుందో లేదో నాకు తెలియదు గానీ, లోపలికి వెళ్ళి అటక మీంచి ఉగ్గుగిన్నె దింపింది.

ఆ ఉగ్గుగిన్నె ఎంత పని చేసిందో చెప్పలేను. అంగిలి లేని బిడ్డకు పాలు తాగాలనే ఉంటుంది, కానీ చప్పరించే బలం రాదు. చప్పరించాలంటే నోరు మూసిన గదిలా ఉండాలి గదా, పైకప్పు లేకపోతే గాలి లాగేస్తుంది. అందుకని తల్లిపాలే పిండి, చెంచాతోనో ఉగ్గుగిన్నెతోనో కొద్ది కొద్దిగా పట్టాలి. ఒళ్ళో పడుకోబెట్టి కాదు, తల పైకి ఉండేలా నిటారుగా కూర్చోబెట్టినట్టు పట్టుకుని. ముక్కులోంచి కొంచెం పాలు వస్తాయి, తుడిచెయ్యాలి, భయపడకూడదు. గాలి ఎక్కువ మింగుతారు కాబట్టి మధ్య మధ్యలో భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించాలి. అంగిలి బాగుండి పెదవి ఒక్కటే కలవని పిల్లలైతే చాలామంది రొమ్ము పట్టి తాగగలరు. అడ్డంకి ఉన్న వైపు తల్లి రొమ్మే మూసేస్తుంది. ఈ నాలుగు ముక్కలూ కాన్పు గదిలోనే ఎవరైనా చెబితే ఎంతమంది పిల్లలు తొలి నెల గండం దాటతారో!

రాత్రిళ్ళు రెండు గంటలకోసారి లేచి ఉగ్గుగిన్నె పట్టింది ఆ అత్తమ్మే. పగలంతా నిద్ర కళ్ళతో తూగుతూ నా దగ్గరికొచ్చి కాఫీ అడిగేది. మూఢనమ్మకం ఉన్న మనిషి రాక్షసి అని కథల్లో రాసేస్తాం, నేనూ రాశాను. నిజం మనుషులు అంత సులువుగా ఒక ఖానాలో కూర్చోరు.

ఈ నీళ్ళ మాటేమిటి?

గ్రహణం కాదని తేలాక మా వైపు ఆడవాళ్ళు అడిగే రెండో ప్రశ్న ఇది. అడగడంలో న్యాయం ఉంది. నక్కవాగు రంగు మారడం చూసినవాళ్ళు వాళ్ళు. పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టుకు వ్యాజ్యం వెళ్ళింది. పాడైన పొలాలకు పరిహారం లెక్కలు కట్టారు. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ కిషన్‌రావు లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి ఈ సంగతి మీదే తిరిగారు.

2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం, పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. శుద్ధి చేశాక వచ్చే నీరు సుమా! లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. మనం జ్వరానికి మింగే యాంటీబయాటిక్కే. 2009లో ఇంకో ప్రయోగం వచ్చింది. ఆ నీటిని వెయ్యి పాళ్ళలో రెండు పాళ్ళకు పలచన చేసి అందులో కప్పపిల్లల్ని పెంచారు. మామూలు నీళ్ళలో పెరిగిన వాటికంటే అవి 40 శాతం తక్కువ పెరిగాయి. కప్ప కప్పే, మనిషి మనిషే. దీన్ని పట్టుకుని ఫలానా ఇంటి బిడ్డ పెదవి ఆ నీటి వల్లే కలవలేదని చెప్పడం గ్రహణం వల్ల అని చెప్పినంత తొందరపాటు. కానీ ఎదిగే పిండానికి ఎంత కొంచెం విషం సరిపోతుందో ఆ ప్రయోగం చెబుతుంది.

నీళ్ళ కంటే ముందు నేను పని చోటు గురించి అడుగుతాను. రంగుల్లో, జిగురుల్లో, మందుల తయారీలో వాడే ద్రావకాల ఆవిరి ఉంటుందే, గర్భం తొలి వారాల్లో ఆ ఆవిరి మధ్య పనిచేసిన తల్లుల పిల్లల్లో మొర్రి ఎక్కువగా కనిపించిందని ఫ్రాన్స్ లాంటి దేశాల్లో జరిగిన పరిశోధనలు చెప్పాయి. మన చట్టం ఏం చేసింది? 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం గర్భిణి చేత బరువు పని చేయించకూడదని రాసింది. ఎప్పుడట? కాన్పుకు ముందు ఆరు వారాలు, దానికి ముందు ఇంకో నెల. 2017లో సెలవు 26 వారాలకు పెరిగింది, సంతోషం. 2020 సాంఘిక భద్రతా కోడ్‌లోకీ ఆ బరువు పని మాట అలాగే వచ్చింది. ఆఖరి రెండున్నర నెలలు తల్లికి కష్టం కాకుండా చూశారు, మంచిదే. ముఖం, గుండె, వెన్నుపాము తయారయ్యేది మాత్రం మొదటి రెండున్నర నెలల్లో! ఆ రోజుల్లో ఆ అమ్మాయి ఇంకా సూపర్‌వైజరుకు చెప్పనే లేదు. చెబితే పని ఉంటుందో ఊడుతుందో అని భయం. ఈ బెల్టులో చాలామంది కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళే మరి.

కాబట్టి నెల తప్పిన అనుమానం రాగానే ద్రావకాలు, పౌడర్లు ఉన్న సెక్షన్ నుంచి మార్చమని అడగండి. మీ ఇంట్లో మగవాళ్ళు సూపర్‌వైజర్లయితే వాళ్ళకు చెప్పండి. మేమింట్లో చెప్పుకున్నాం, కొంచెం వాదన కూడా జరిగింది.

మన చేతిలో ఉన్నవి

కొన్ని కారణాలు తెలుసు. సిగరెట్, బీడీ పొగ. గర్భానికి ముందే ఉన్న, అదుపులో లేని షుగరు. మూర్ఛకు వాడే కొన్ని మందులు, ముఖ్యంగా వాల్‌ప్రోయేట్, టోపిరామేట్. మూర్ఛ ఉన్నవాళ్ళు మాత్రం భయపడి సొంతంగా మందు ఆపకూడదు, ఫిట్స్ వస్తే తల్లీ బిడ్డా ఇద్దరికీ ముప్పు. పిల్లలు కావాలనుకున్నప్పుడే డాక్టరుకు చెబితే మందు మారుస్తారు. మేనరికాల్లో పుట్టుక లోపాలు ఎక్కువ, అది కూడా చెప్పుకోవాలి. ఇవేమీ లేకుండా కూడా వస్తుంది. చాలా ఇళ్ళల్లో ఇదీ కారణమని వేలు పెట్టి చూపించలేం.

ఫోలిక్ యాసిడ్ గురించి విన్నారు కదా! వెన్నుపాము మూసుకోకుండా పుట్టిన బిడ్డ ఉన్న తల్లులకు మళ్ళీ గర్భం రాకముందు నుంచే ఇస్తే, ఆ లోపం తిరిగి రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటన్‌లో తేలింది. మొర్రి విషయంలో అంత గట్టి ఫలితం రాలేదు. అయినా రోజుకు 400 మైక్రోగ్రాముల చిన్న మాత్ర, ఖర్చు లేదు, గర్భం రాకముందు నుంచే వేసుకోవాలి. మూడో నెలలో ఆస్పత్రి కార్డు రాయించుకున్నాక మొదలుపెడితే వెన్నుపాము ఎప్పుడో మూసుకుని ఉంటుంది.

ఇక స్కానింగ్. అయిదో నెల స్కాన్‌లో పెదవి కలవలేదని చాలాసార్లు తెలిసిపోతుంది. అంగిలి ఒక్కటే అయితే తెలియకపోవచ్చు. తెలిసిన రోజున ఇంట్లో పిడుగు పడ్డట్టే. "తీయించెయ్యండి" అనేవాళ్ళు పది మంది పోగవుతారు. నా మాట నచ్చకపోయినా సరే రాస్తున్నాను. ఆపరేషన్‌తో బాగయ్యే లోపం ఇది. ఇతర అవయవాల్లో కూడా తేడా ఉందేమో నిపుణులకు చూపించుకోవాలి, అది అవసరం. ఆ తర్వాత నిర్ణయం ఆ తల్లిది. పది మందిది కాదు. నిర్ణయించుకునే ముందు ఆపరేషన్ అయిన పిల్లల్లో ఒక్కరినైనా ఆమెకు చూపించండి.

వంద రోజులు నవ్వొద్దన్న వైద్యుడు

ఈ ఆపరేషన్ కొత్తది కాదు. చైనాలో నాలుగో శతాబ్దంలోనే వేయ్ యోంగ్‌జి అనే యువకుడు పెదవి కుట్టించుకున్నాడని వాళ్ళ చరిత్రలో ఉంది. వంద రోజులు నవ్వకూడదు, మాట్లాడకూడదు, గంజి తాగి ఉండాలన్నాడట వైద్యుడు. అతను ఉండి, తర్వాత పెద్ద అధికారి అయ్యాడు. మన కాలానికొస్తే, అమెరికన్ సర్జన్ రాల్ఫ్ మిలార్డ్ 1955లో ప్రకటించిన పద్ధతి ఈ సర్జరీని మార్చేసింది. అంచుల్ని లాగి కుట్టడం కాకుండా, ఒక పక్క కండను తిప్పి, రెండో పక్క కండను ముందుకు జరిపి కుట్టడం. ముక్కు కింది గాడి సహజంగా వస్తుంది. ఇప్పటికీ చాలామంది సర్జన్లు ఆ దారిలోనే చేస్తున్నారు.

పెదవికి మూడు నుంచి ఆరు నెలల మధ్య. డాక్టర్లు పాతకాలం నుంచీ 'పదుల లెక్క' చెబుతారు: పది వారాల వయసు, పది పౌన్ల బరువు అంటే నాలుగున్నర కిలోలు, రక్తం పది గ్రాములు. తొలి వారాల పాలు అంత ముఖ్యమని నేను చెప్పేది అందుకే, బరువు రాకపోతే ఆపరేషన్ వెనక్కి పోతుంది. మా సందులో బిడ్డకు లాక్‌డౌన్ కూడా తోడై ఎనిమిదో నెలలో అయింది. అంగిలికి తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య, మాటలు స్థిరపడకముందే. తర్వాత చెవులు చూపించుకోవాలి. ఈ పిల్లలకు చెవిలో నీరు చేరి వినికిడి మందగిస్తుంది, పిలిస్తే పలకడం లేదని మొండి పిల్ల అనుకుంటాం. ఎనిమిది నుంచి పదకొండేళ్ళ మధ్య చిగురులో ఎముక అతకాల్సి రావచ్చు, పళ్ళ వరస సరిచేయించాల్సి రావచ్చు. అంటే ఒక్క రోజు పని కాదు, పదేళ్ళ పైన సాగే పని. "ఆపరేషన్ అయింది కదా" అని ఊరుకున్న ఇళ్ళల్లో పిల్లలు ముక్కుతో మాట్లాడుతూ మిగిలిపోతున్నారు.

ఖర్చు సంగతికి భయపడక్కర్లేదు. ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్లున్నాయి. 2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో గ్రహణం మొర్రి ఉంది. అంగన్‌వాడీకీ బడికీ వచ్చే ఆ బృందానికి చూపిస్తే జిల్లా కేంద్రానికి, అక్కణ్ణుంచి పెద్దాస్పత్రికి పంపుతారు. స్మైల్ ట్రైన్ లాంటి సంస్థలతో కలిసి ఉచితంగా చేసే ఆస్పత్రులూ ఉన్నాయి. 2009లో ఆస్కార్ గెలిచిన 'స్మైల్ పింకీ' అనే చిన్న డాక్యుమెంటరీ గుర్తుందా? ఉత్తరప్రదేశ్ పల్లెటూరి పిల్లకు వారణాసిలో అయిన ఆపరేషన్ కథ అది.

మాటల సాధన ఇంట్లో చేయించేది అమ్మే. నోటి నుంచి గాలి బయటికి రావడం నేర్పాలి. సబ్బు బుడగలు ఊదించడం, బల్ల మీద దూది ఉండను ఊదుకుంటూ పోవడం, అద్దం ముందు ప, బ, ట, క పలికించడం. స్పీచ్ థెరపిస్టు వారానికోసారి చూపిస్తే మిగతా ఆరు రోజులు మనవే. మా సందులో పాప బడికెళ్తోంది ఇప్పుడు. 'కాకి' అనడానికి ఏడాది పట్టింది. 'పటాన్‌చెరు' మాత్రం ముందే వచ్చేసింది, వాళ్ళ నాన్న బస్సెక్కే ఊరు గదా!

ఆపరేషన్ అయి, డిగ్రీ చదివి, ఉద్యోగం చేస్తున్న అమ్మాయిల తల్లులు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. పెళ్ళివాళ్ళు అడుగుతున్నారట, "రేపు పుట్టే పిల్లలకు కూడా వస్తుందా?" అని. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకు రావడానికి అవకాశం నూటికి మూడు నుంచి అయిదు. అంటే నూటికి తొంభై అయిదు మందికి రాదు. అది తల్లికి ఉన్నా ఒకటే, తండ్రికి ఉన్నా ఒకటే. ఈ లోపం పెదవికి వచ్చేది ఎక్కువగా మగపిల్లల్లోనే కూడా. కానీ పెళ్ళిచూపుల్లో అబ్బాయిని ఈ ప్రశ్న అడిగినవాళ్ళను నేనింతవరకూ చూడలేదు. వాళ్ళకు మీసం పెంచుకునే వీలుంది.